సిగ్నీ వంతు

గురువారం పొద్దున తొమ్మిదేళ్ల సిగ్నీ బూట్ల తాళ్లు వాళ్ల నాన్న హాల్వర్డ్ కట్టాడు. రొట్టె మీద జున్ను ఆయనే పరిచాడు, టోపీ ఆయనే చెవుల మీదికి లాగాడు. చూసినవాళ్లు ఎంత ప్రేమో అనుకుంటారు. మనమూ అలాగే అనుకుంటాం.

గురువారం వాళ్ల బడి అడవిలోనే. నార్వేలోని బెర్గెన్ ఊరి వానలకు భయపడితే ఏడాది పొడుగునా గదిలోనే కూర్చోవాలి. అక్కడ మధ్యాహ్నం వంటకు వారానికొకరు నిప్పు రాజెయ్యాలి. తరగతిలో అందరి వంతూ అయిపోయి సిగ్నీ ఒక్కతే మిగిలింది. దారి పొడవునా ఆ పిల్లకు కాలు నిలవలేదు, జేబులో అగ్గిపెట్టెను పదిసార్లు తడుముకుంది. సాయానికి వచ్చిన హాల్వర్డ్‌ది ఇంకో గాభరా.

"చలేస్తోందా? సంచీ నేను మొయ్యనా?"

"వద్దు నాన్నా!"

అడవి తడిసి ముద్దయింది. సిగ్నీ తడిలోనూ అంటుకునే బర్చ్ చెట్టు బెరడు ఒలిచి, పుల్లలు చెక్కి పేర్చింది. మరికొన్ని పుల్లలు ఏరుకొచ్చి అగ్గిపుల్ల గీసింది. మంట భగ్గున లేచింది. పిల్లలంతా కేరింతలు కొట్టారు.

అంతలో సిగ్నీకి కిరసనాయిలు వాసన తగిలింది. వంగి చూస్తే పుల్లల అడుగున, ఇంట్లో పొయ్యి అంటించే తెల్లబిళ్ల కాలుతోంది. ఆమె మొహం మాడిపోయింది.

"నువ్వే పెట్టావు కదూ నాన్నా?"

"అన్నీ తడిగా ఉన్నాయి కదమ్మా... అందరి ముందూ చిన్నబోతావని..."

సిగ్నీ మంట ఆర్పడానికి పక్కన ఉంచిన బకెట్ ఎత్తి నీళ్లన్నీ మంట మీద కుమ్మరించింది.

"పిచ్చా నీకు? ఆకలితో చస్తున్నాం ఇక్కడ!" అని తరగతిలో పిల్ల గూన్వర్ అరిచింది.

"అది మా నాన్న మంట. నాది ఇంకా వెలగలేదు."

కొత్తగా బెరడు ఒలిచి మళ్లీ మొదలుపెట్టింది. వేళ్లు కొంకర్లు పోతున్నాయి. ఒక అగ్గిపుల్ల ఆరిపోయింది, రెండోదీ ఆరిపోయింది. హాల్వర్డ్ చేతులు వాటంతటవే ముందుకు వచ్చాయి. టీచర్ తూర్‌బోర్గ్ వాటిలో ఖాళీ బకెట్ పెట్టింది.

"వాగు నుంచి నీళ్లు పట్టుకురా హాల్వర్డ్. తొందరేం లేదు."

ఆయన పది అడుగులకోసారి వెనక్కి చూస్తూ వెళ్లాడు. తిరిగొచ్చేసరికి సిగ్నీ బోర్లా పడుకుని ఊదుతోంది. మొహమంతా మసి. బెరడు అంచున చిన్న మంట నిలబడింది.

"నేనేం చెయ్యనమ్మా?" అన్నాడు, బకెట్ దించకుండానే.

"కూర్చో నాన్నా," అంది సిగ్నీ, మంట మీంచి చూపు తిప్పకుండా.

ఆయన కూర్చున్నాడు. పిల్లలున్న మనమందరమూ నేర్చుకోవలసింది ఆ కూర్చోవడమే. వాళ్ల పనులన్నీ మనమే చేసిపెడుతున్నామంటే, నీ వల్ల కాదని వాళ్లకు రోజూ చెబుతున్నట్టే.