కాస్తావా, నరకమంటావా?

మా అత్తగారు, ఇసె అని ఆవిడ పేరు, బతికున్నన్నాళ్ళూ నాతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. పోయాక మాత్రం గొంతు విప్పింది. అదీ నాతో కాదు. మా మామగారితో, చెట్ల గదిలోంచి.

చెట్ల గది మా పెరట్లో సగం నేలలోకి దిగి ఉంటుంది. మంచు మొదలవకముందే మామగారు తొకుజి తన బోన్సాయ్ కుండీలన్నిటినీ అందులోకి చేర్చి, చుట్టూ ఊక పోసి, వరిగడ్డి కప్పుతారు. చెట్టును చంపేది చలి కాదు, గాలి అంటారాయన. వేళ్ళు గడ్డకట్టి నీళ్ళు తాగలేని చెట్టులోంచి గాలి ఉన్న తడి కాస్తా లాగేస్తుందట. అలాగని వెచ్చదనమూ పనికిరాదు. వసంతం వచ్చిందనుకుని చెట్టు మేలుకుంటుంది, మేలుకున్నది చస్తుంది. దాన్ని నిద్రపోనివ్వాలి, అంతే. నా మొగుడు చలికాలమంతా టోక్యోలో కూలిపనికి పోతాడు గనక, ఆ గది కప్పు మీద మంచు తోసిపోసే పని నాది. ఆ చెట్లకు జరిగే సేవలో సగం నాకు జరిగితే చాలని ఎన్నిసార్లు సణుక్కున్నానో.

అన్నిట్లోకీ పాతది, మెలి తిరిగిన మొద్దున్న దానిమ్మ. మామగారి తాత నాటిది. మోకాలెత్తు కూడా ఉండదు, చలికి బొత్తిగా తాళదు. జనవరి నడుమ వచ్చే చిన్న సంవత్సరాది రోజున మా ఊళ్ళో కాయల చెట్లను బెదిరిస్తారు. ఒకరు గొడ్డలి ఎత్తి "కాస్తావా, నరకమంటావా?" అని అడుగుతారు. ఇంకొకరు చెట్టు వెనక దాక్కుని "కాస్తాను, కాస్తాను" అని చెట్టు తరఫున ఒప్పుకుంటారు. అప్పుడు ఎర్రగింజల జావ చెట్టు మొదట్లో కాస్త పోస్తారు. అందరూ తోటల్లో చేసే ఆ తంతు మా ఇంట్లో చెట్ల గదిలో జరిగేది. మామగారు చేతిగొడ్డలితో అడిగేవారు, అత్తగారు కుండీ పెట్టిన బల్ల వెనక గడ్డిలో కూర్చుని జవాబు చెప్పేది. కిందటి శరత్తులో ఆవిడ కన్నుమూసింది.

ఈ ఏడు మామగారు నన్ను కూర్చోమన్నారు.

"నేనా? అత్తయ్య గొంతు నాకెక్కడిది మామయ్యా?"

"చెట్టుకి గొంతుతో పనేంటి, తమయో? మాట చాలు. వంగు, వంగు. నడుమేం విరిగిపోదులే."

బయట మంచుతుఫాను. తలుపు సందుల్లోంచి గాలి ఈల వేస్తోంది. నేను బల్ల వెనక కూర్చున్నాను. మామగారు గొడ్డలి అంచు మొద్దుకు ఆనించి అడిగారు. నేను నోరు తెరిచాను. నా మాట బయటికి రాకముందే, నా చెవి పక్కనే "కాస్తాను, కాస్తాను" అని వినిపించింది. అత్తగారి గొంతే. చివర్లో ఆవిడ దగ్గు కూడా ఉంది. పక్కకు చూస్తే ఎవరూ లేరు. నలిగిన గడ్డి మాత్రం మెల్లగా పైకి లేస్తోంది, అప్పటిదాకా ఎవరో కూర్చుని లేచినట్టు.

మామగారు భయపడలేదు. కళ్ళు తుడుచుకుని "బాగా చెప్పావు" అన్నారు. నాతో కాదు.

ఏడాదికి ఒక్కసారి అడగాల్సిన మాట అది. ఆయన మర్నాడూ వెళ్ళి అడిగారు. ఆ మర్నాడూ అడిగారు. తర్వాత్తర్వాత పూటపూటా వెళ్ళసాగారు. తుఫాను తెరిపివ్వలేదు. ఆయన తిండి మానేసి, గడ్డకట్టే ఆ గదిలోనే కూర్చునేవారు. దగ్గు పట్టుకుంది. పెదాలు నీలంగా మారాయి.

"మామయ్యా, ఇంట్లో స్టవ్ ఉంది, వేడి పులుసుంది. లేవండి."

"ఉండు. మీ అత్తయ్య మాట్లాడుతోంది."

"బతికుండగా ఆవిడ మాట మీరెప్పుడు విన్నారు గనక?"

"అందుకేగా ఇప్పుడు వింటున్నా" అని నవ్వారు.

మొండివాడు రాజుకంటే బలవంతుడు. భుజం పట్టి లాగితే గొడ్డలి చూపించారు. అప్పుడే నా చూపు కొమ్మల మీద పడింది. అంత చలిలో, ఆ చీకట్లో, దానిమ్మ చిగురిస్తోంది. ఎర్రటి చిన్న చిన్న చిగుళ్ళు. నేను చూస్తుండగానే ఆయన మళ్ళీ అడిగారు, జవాబు వచ్చింది, ఇంకో చిగురు విచ్చుకుంది. ఆయన చేతివేళ్ళు మాత్రం పుల్లల్లా ఎండిపోయి ఉన్నాయి. గడ్డకట్టిన వేళ్ళతో ఆ చెట్టు దేన్ని తాగుతోందో నాకు అర్థమైంది. అత్తగారు ఆయన్ని తీసుకుపోతోంది. నాకు భయం కంటే కోపం ఎక్కువ వచ్చింది. ఆ ఇంట్లో నా సణుగుడు విని నవ్వే మనిషి ఆయనొక్కడే. ఆయన్ని ఎవరికీ ఇచ్చే ప్రసక్తి లేదు.

మర్నాడు మధ్యాహ్నం ఆయన జ్వరంతో మగతగా పడుకుని ఉండగా, గొడ్డలీ జావ గిన్నే పట్టుకుని నేనే వెళ్ళాను. లోపలికి దిగి తలుపు మూశాను. గాలి చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. చెట్టు ముందు నిలబడి, అడగాల్సిన మాట కాకుండా వేరే మాట అడిగాను.

"ఆయన్ని వదుల్తావా, నరకమంటావా?"

గొడ్డలి అంచు మొద్దుకు ఆనించాను.

"అత్తయ్యా, నీ కోడల్ని అడుగుతున్నా. నాకు జాలి లేదని ఊరంతా చెప్పుకొచ్చావుగా. నిజమో కాదో చూస్తావా?"

గొడ్డలి ఎత్తాను. బల్ల వెనక గడ్డి కదిలింది.

"వదుల్తాను... వదుల్తాను."

మొదటిది మాట. రెండోది ఏడుపు. చెట్టు మొదట్లో జావ పోసి, వెనక్కి తిరక్కుండా బయటికొచ్చాను.

మామగారికి జ్వరం తగ్గింది. లేవగానే వెళ్ళి అడిగారు. జవాబు రాలేదు. గొంతు పెంచి అడిగారు. చివరికి నరకడం మాట మానేసి, "ఒక్కసారి పలకవే" అని బతిమాలారు. తలుపు బయట మంచులో నిలబడి అదంతా విన్నాను. ఆ తర్వాత ఆయన ఇంట్లోనే ఉండి, పెట్టింది తిన్నారు. ముఖం మళ్ళీ తేరుకుంది. నేను గెలిచాననుకున్నాను.

మంచు కరిగాక కుండీలన్నీ ఎండలోకి చేర్చాం. పైన్ చెట్లు కళకళలాడుతున్నాయి. దానిమ్మ చిగుళ్ళు మాత్రం నల్లగా మాడి ఉన్నాయి. మామగారు గోటితో బెరడు గీకి చూశారు. లోపల పచ్చదనం లేదు.

"నేను జ్వరంతో పడుకున్న రోజున, కళ్ళు తెరిచేసరికి గొడ్డలి మంచుకు తడిసి ఉంది" అన్నారు. "దాన్నేమడిగావు?"

అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు. "మిమ్మల్ని వదలమన్నాను" అన్నాను.

ఆయన కోప్పడలేదు. కోప్పడినా బాగుండేది. ఎండిన ఆ మొద్దు మీద చెయ్యి వేసి, నావైపు చూశారు.

"మరి నన్నడిగావా, అమ్మాయ్?"

నా వెనక దాక్కుని నా తరఫున జవాబు చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.