బాట మలుపులో జింక

యాడికి ఊరి నాటక సమాజానికి ఏళ్ల తరబడి తెరలు గీసింది ఈశ్వరప్పే. ఆయన గీసిన అడవి తెర డెబ్బై ఎనిమిదో సంవత్సరంలో చినిగిపోయింది. సమాజంవాళ్లు ఆయనకు మాటమాత్రమైనా చెప్పకుండా, బెళుగుప్ప నుంచి ఎర్రిస్వామిని పిలిపించి కొత్తది గీయించారు.

బడి గోడకు తెర వేలాడదీసిన రోజు ఈశ్వరప్ప కూడా వెళ్లి జనం వెనుక నిలబడ్డాడు. పిట్ట లేదు, మృగం లేదు. మసక వెలుతురులో చెట్లు, వాటి మధ్య మలుపు తిరిగి మాయమయ్యే బాట. అంతే.

"వాన వెలిసినట్టుండాది," అన్నాడు జనంలోంచి ఆదెప్ప.

"కాదప్పా, వానొస్తాండాది. చెట్లు ఎట్ల బిగుసుకోని ఉండాయో చూడు," అన్నాడు తిప్పయ్య.

వాన మొహమే మరిచిన ఊళ్లో వాళ్లిద్దరూ బొమ్మలో వాన కోసం వాదులాడుకుంటుంటే ఈశ్వరప్పకు కడుపు మండింది. ఆయన అడవిని చూసి ఇన్నేళ్లలో ఎవరూ ఇలా వాదులాడుకోలేదు.

రాణి వేషం కట్టే నల్లమ్మ చాలాసేపు చూసింది. "ఎవరో ఇప్పుడే మనల్ని ఇడిసిపెట్టి పోయినట్టుండాది ఈ బాట. దీని ముందర నిలబడితే ఏడుపు దానంతటదే వస్తాది," అంది.

"అడవంటే ఒక జింకన్నా ఉండొద్దా? ఉత్త చెట్లు!" అని విసురుగా వెళ్లిపోయాడు ఈశ్వరప్ప.

నాటకం నాటి మధ్యాహ్నం అందరూ భోజనాలకు పోయినప్పుడు వచ్చి, ఆ బాట మలుపులో ఒక జింకను గీశాడు. చెయ్యి తిరిగిన మనిషి. మెడ తిప్పి చూస్తున్న జింక ప్రాణమున్నట్టే వచ్చింది.

సాయంత్రం వేదిక ముందరి తెర లేచి అడవి కనబడగానే జనం జింకను చూసి చప్పట్లు కొట్టారు. మొగుడు వదిలేసిన రాణిగా నల్లమ్మ పద్యం ఎత్తుకొని బాట వైపు తిరిగింది. గొంతు తడబడింది. పద్యమైతే ముగిసింది గానీ కంట తడి రాలేదు.

ఆ గీత ఎవరిదో ఆమెకు తెలుసు. "ఆ అడవిలో నేనొక్కదాన్నే ఉంటినన్నా. నాకు తోడెందుకు తెచ్చినావు?" అని నాటకమయ్యాక ఈశ్వరప్పను అడిగింది.

మరునాడు ఈశ్వరప్ప బస్సెక్కి బెళుగుప్ప పోయాడు. "నీ తెర చెడగొట్టినానప్పా. వచ్చి ఆ జింకను తుడిచెయ్," అన్నాడు.

ఎర్రిస్వామి నవ్వాడు. "జనానికి నచ్చిందంట గదన్నా, ఉండనీ. నేను ఇంగొకటి గీస్తాలే."

అంత తేలిగ్గా ఆ మాట అన్న మనిషి వైపు చూస్తూ నిలబడిపోయాడు ఈశ్వరప్ప. కుంచె పట్టి జింకను గీస్తున్నప్పుడు కూడా ఆయన ఇంతగా కుళ్లుకోలేదు.