జంట కోటు

పొద్దున్నే కోటు తొడుక్కునేముందు దాన్ని కిటికీ వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకోవడం అద్దాలమ్మకి అలవాటు. కళ్ళద్దాల దుకాణంలో పనిచేస్తుంది కాబట్టి వీధివాళ్ళు ఆ పేరు పెట్టారు గానీ, ఆమె కళ్ళు నిక్షేపంగా ఉన్నాయి. కోటు వయసు మాత్రం ఆమెకంటే ఎక్కువే. ఊదారంగు ఉన్నికోటు, పాతబట్టల అంగడిలో ఏరి తెచ్చుకుంది. చిరిగినప్పుడల్లా పిన్ని రఫూ చేసిపెట్టేది. పిన్ని రఫూ దుకాణం కింది వాటాలో, ఇద్దరి కాపురం పై వాటాలో.

"ఇవాళేమంటోంది నీ కోటు?" అనడిగింది పిన్ని.

"కుడిజేబు నిండా సుద్దపొడి. మోచేతి దగ్గర నిన్నటి చిరుగుని ఎవరో కుట్టేశారు."

ఒకే తానులోంచి కోసిన బట్టలు పాతబడేకొద్దీ అలాగే చేస్తాయి. ఒకటి తడిస్తే రెండోదీ తడుస్తుంది. ఒకదాన్ని కుడితే రెండోదానికీ కుట్టు పడుతుంది. పక్కింటి గుమాస్తా చొక్కా మండుటెండలో కూడా ముద్దముద్దగా తడిసేది. దాని జంట ఏ జాలరి ఒంటిమీదో ఉందని ఆయన సరిపెట్టుకుని, సంచిలో ఇంకో చొక్కా పెట్టుకుని ఆఫీసుకెళ్ళేవాడు.

అద్దాలమ్మకి అలా సరిపెట్టుకోవడం చేతకాదు. ఆరా ఎక్కువ.

"బడిపంతులమ్మ అయివుంటుంది పిన్నీ. రోజూ సుద్దే కదా."

"దర్జీ ఎందుక్కాకూడదు? మా చేతులకీ సుద్దే."

"దర్జీ అయితే చిరుగుని ఇంత వంకరగా కుడుతుందా? పోనీ, సుద్దతో రాసి అడిగేస్తే?"

"ఒకరి బట్టలోకి తొంగిచూడ్డం మర్యాద కాదు" అని పిన్ని కసిరింది. ఎప్పుడూ ఆ మాటే.

ఆరోజు దుకాణంలో ఒక పెద్దాయనకి కళ్ళద్దాల కాళ్ళు సరిచేస్తుంటే అద్దాలమ్మ వీపు చల్లబడింది. వాన అనుకుంది. కానీ వానైతే ముందు భుజాలు తడవాలి. ఇది వీపూ, కుడిపక్కా మాత్రమే. గంట గడిచింది. ఇంకో గంట గడిచింది. అవతలి మనిషి కదులుతుంటే కోటు ముడతలు మారుతూ ఉంటాయి. ఈ ముడతలు మారడం లేదు. కోటు కుడిచెయ్యి ఏదో బరువు కింద నలిగినట్టు అణిగిపోయి ఉంది. యజమానికి చెప్పి, ఒక్క పరుగున పిన్ని దగ్గరికొచ్చింది.

పిన్ని కోటుని బల్లమీద పరిచి, వీపుమీద అరచెయ్యి ఆనించి, వాసన చూసింది.

"సబ్బునీళ్ళు. జారిపడింది. పొద్దుట్నించీ లేవలేదు."

అని తన సుద్దముక్క తీసి అద్దాలమ్మ చేతిలో పెట్టింది. "రాయి."

"మర్యాద కాదన్నావు."

"మర్యాద సంగతి తర్వాత చూద్దాం. రాయవే."

ఎడంవైపు లోగుడ్డ మీద 'ఎక్కడ?' అని రాసింది అద్దాలమ్మ. ఇద్దరూ బల్లకి చెరోపక్కా నిలబడి చూస్తున్నారు. చాలాసేపటికి ఒక అక్షరం పడింది. అలవాటులేని చేత్తో రాసినట్టు వంకరటింకరగా ఉంది. తర్వాత ఇంకొకటి. ఊరి పేరు. వీధి పేరు. ఇంటి నంబరు. ఆ కింద మరో అక్షరం మొదలై, సగంలో గీతగా జారి ఆగిపోయింది.

ఆ ఊరు రైల్లో వెళ్తే ఆరుగంటల దూరం. అద్దాలమ్మ అక్కడి అగ్నిమాపక కేంద్రానికి ఫోను చేసింది. అవతల మనిషి అంతా రాసుకుని, "ఆవిడ మీకేమవుతారు?" అనడిగాడు.

అద్దాలమ్మ బల్లమీది కోటు వైపు చూసింది. "మా ఇద్దరి కోట్లూ ఒకే తానులోవండీ."

"అలాగా. అయితే సరే, బయల్దేరుతున్నాం" అన్నాడతను.

ఇక చేసేదేమీ లేదు. పిన్ని పని ముట్టుకోలేదు. రఫూకి వచ్చినవాళ్ళని రేపు రమ్మంది. ఆ సగం అక్షరం ఏమై ఉంటుందా అని అద్దాలమ్మ ఆలోచిస్తూనే ఉంది. పేరా? దాహం అనా?

బల్లమీది కోటు కదిలింది. ఇన్ని గంటలూ బిగుసుకున్న ముడతలు ఒక్కొక్కటే విడివడ్డాయి. వీపు కొంచెం పైకి లేచింది. అంతలో కుడిచెయ్యి అంచు దగ్గర దారం తెగింది. తెగి ఆగలేదు. మణికట్టు నించి మోచేతికి, అక్కణ్ణించి పైకి, గీత గీసినట్టు తిన్నగా చీలుకుంటూ పోతోంది.

"కత్తెర" అంది పిన్ని మెల్లగా. "విరిగిన చెయ్యి కదపకూడదని కోస్తున్నారు. ప్రాణం లేకపోతే ఇంత నిదానంగా ఎవరూ కొయ్యరు."

అలవాటుకొద్దీ పిన్ని చెయ్యి సూదికోసం వెళ్ళింది. అద్దాలమ్మ ఆ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండు పిన్నీ. భుజం దాకా కోసుకోనీ."