మింగని నీళ్లు

పుక్కిట పట్టిన నీళ్లను వాసవి మింగకుండా వాకిట్లో ఉమ్మేసింది. గొంతు దిగితే మధ్యాహ్నానికి అవస్థ. గిద్దలూరు బజారులోని వాళ్ల గాజుల దుకాణానికి బాత్రూం లేదు, ఇల్లేమో ఊరికి ఆ చివర. మొగుడు ఫణికృష్ణకు దుకాణం వెనక సందు ఉంది. మగవాళ్లకు గోడ కనబడితే చాలు.

కాపురానికొచ్చిన కొత్తలోనే అత్త సుబ్బలక్ష్మమ్మ నేర్పింది. "గల్లా కాడ కూర్చునే ఆడది నీళ్లు తాగకూడదమ్మా. నేను నా కాలమంతా అట్లనే నెట్టుకొచ్చినా." మా కోడలు పొద్దుగూకేదాకా గల్లా వదిలి లేవదని అత్త బంధువుల్లో చెప్పుకుంటే వాసవి మురిసిపోయింది కూడా. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

పోయిన వారం మార్కాపురంలో స్కానింగ్ చూసిన డాక్టరమ్మ నెమ్మదిగా చెప్పింది. ఒంట్లో నీళ్లు తగ్గగానే మెదడులో వాసోప్రెసిన్ అనేది ఊరుతుందట. నెత్తుట్లో కలిసి కిడ్నీల దాకా పోయి, ఉన్న నీళ్లు వదలొద్దని చెబుతుందట. "అది నిన్ను కాపాడాలనే చూస్తుందమ్మా. నువ్వే దానికి ఒక్కరోజూ సెలవివ్వలేదు. రాళ్లు, చీము, ఒక కిడ్నీ పోయినట్టే. రెండోది దక్కాలంటే నీళ్లు తాగు, ఆపుకోకు."

తన తలలో కూడా ఒక కోడలే ఉందన్నమాట, ఉన్నదాంతో సర్దుకొస్తూ, నోరెత్తకుండా. వాసవికి ఏడుపొచ్చింది.

ఇంటికి రాగానే, దుకాణం వెనక మూలలో బాత్రూం కట్టిద్దామని మొగుణ్ని అడిగింది.

"ఆడ గాజుల పెట్టెలుండాయి కదా. సరుకు యాడ పెట్టాల? మందులు వాడు, తగ్గుతాది," అన్నాడు ఫణికృష్ణ, ఫోన్లోంచి తలెత్తకుండా.

పెళ్లిళ్ల సీజను కదా అని ఆమే సర్దుకుంది. అంతా విన్నాక కూడా ఈ పొద్దున నీళ్లు ఉమ్మేసి వచ్చింది.

సాయంత్రం కూతురు కన్యక బడి నుంచి నేరుగా దుకాణానికొచ్చింది. సంచిలో నీళ్ల సీసా పొద్దున నింపినట్టే ఉంది.

"తాగలేదేంది?"

"బళ్లో బాత్రూం గలీజుగా ఉంటాదిమా. నేను గూడా నీ మాదిరే ఆపుకుంటాండా. నాయనమ్మ మెచ్చుకునింది."

వాసవి సీసా మూత తీసింది. సగం తాను తాగి, సగం కూతురి చేత తాగించింది. గాజులు చూస్తున్న ఆడవాళ్లను కాసేపాగి రమ్మని పంపి, షట్టర్ దించింది. సరుకు తేవడానికి పోయిన ఫణికృష్ణకు ఎదురు దుకాణం వాళ్లు చెప్పినట్టున్నారు, వీధి మలుపు తిరగకముందే ఫోన్ మోగింది.

"గిరాకీ వేళ దుకాణం మూసి యాడికి పోతున్నావు?"

"బాత్రూంకి. పాపా, నేనూ. ఆ మూల ఖాళీ అయ్యేదాకా, ఎన్నిసార్లొస్తే అన్నిసార్లు మూస్తా."