చంకలో పిల్ల, స్కోపులో గీత

ఆ షాపులో అందరూ ఆమెను డేగకన్ను అనేవారు. చదువు తొమ్మిదో తరగతితోనే ఆగిపోయింది గానీ, తుపాకీ స్కోపు ఒకసారి కంటికి ఆనించిందంటే దాని పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పేస్తుందని పేరు. గురి పోటీలకు వెళ్లేవాళ్లు వాడి వదిలేసిన స్కోపులు ఆ షాపుకి వచ్చేవి. వాటిని విప్పి, తుడిచి, బాగుచేసి మళ్లీ అమ్మేవారు. ఏది మొదటి రకం, ఏది రెండో రకం, ఏది ఎందుకూ పనికిరాదో తేల్చే కుర్చీ ఆమెది.

ఆ కుర్చీలో కూర్చోబెట్టింది గీతల బాబాయి. స్కోపులోంచి చూస్తే కనిపించే నిలువుగీత, అడ్డగీత ఒక చిన్న గాజు బిళ్ల మీద ఉంటాయి. రెటికిల్ అంటారు దాన్ని. దాన్ని గొట్టంలో సరిగ్గా కూర్చోబెట్టడం ఆయన పని. స్కోపు ఎలా చూడాలో ఆమెకు నేర్పిందీ ఆయనే.

"పైన నిగనిగలాడుతోందని మోసపోకు తల్లీ. కన్ను కొంచెం అటూ ఇటూ జరిపి చూడు. గీత గురిమీదే నిలబడితే మంచి సరుకు, ఈదులాడితే నాసిరకం. తర్వాత మరలు పైకీ, పక్కకీ, కిందకీ సమంగా తిప్పి వెనక్కి తీసుకురా. గీత బయల్దేరిన చోటికే రావాలి. ఇంటిదారి మర్చిపోయిన స్కోపు ఎంత మెరిసినా దండగే."

ఆఖరి పరీక్ష వంకర కనిపెట్టడానికి. స్కోపు పైమర మూతమీద గోరంత రసమట్టం పెట్టాలి. అందులో బుడగ మధ్యకు వచ్చేదాకా స్కోపును దొర్లించాలి. అప్పుడు ఎదుటి గోడకు గుండు కట్టి వేలాడదీసిన దారాన్ని చూడాలి. నిలువుగీత దారం మీద పడితే సరే, లేకపోతే బిళ్ల వంకర. "ఇక్కడ మాత్రం కంటిని నమ్మకమ్మా. మనవాళ్లే కదా అని మొహమాటపడుతుంది అది" అనేవాడు బాబాయి.

ఇంట్లో తన పిల్లను చూసుకునే అమ్మకు మోకాలు పట్టేసి మంచమెక్కడంతో కథ అడ్డం తిరిగింది. ఏడాది నిండిన పిల్లను ఎవరి చేతుల్లో పెడుతుంది? పని మానేస్తానని ఏడుస్తుంటే, ఓనరు దగ్గరికి వెళ్లి మాట్లాడింది కూడా బాబాయే.

"పిల్లను తెచ్చుకోనివ్వండి సార్. మరీ ఏడిస్తే నేను ఎత్తుకుంటాను."

"ఇది షాపా, ఉయ్యాల తొట్టా?" అని విసుక్కున్నాడు ఓనరు. కానీ ఒప్పుకున్నాడు.

పిల్ల కింద కూర్చుంటే మరలు ఏరుకుని నోట్లో పెట్టుకుంటుందని ఆమెకు భయం. అందుకే ఎప్పుడూ ఎడమ చంకలోనే. ఒకరోజు మూతమీది రసమట్టం మీద పిల్ల కన్ను పడింది. తళతళలాడే బుడగ కదా, చటుక్కున లాగి నోట్లో వేసుకుంది. ఆమె వేలు పెట్టి బయటికి తీసేసరికి పైప్రాణాలు పైనే పోయాయి. ఆ పూటే దాన్ని సొరుగులో పడేసి తాళం వేసింది. మూత మట్టంగా ఉందో లేదో కంటితోనే చూసుకోవడం మొదలుపెట్టింది.

"డేగకన్నుకి రసమట్టం ఎందుకులే!" అంది అద్దాలు తుడిచే లెన్సులక్క నవ్వుతూ. ఆ మాట ఆమెకు బెల్లంముక్కలా తియ్యగా అనిపించింది.

అక్కణ్నుంచి బాబాయి చేసిన స్కోపులు ఒకటొకటిగా వంకర తేలసాగాయి.

"బుడగ మధ్యలోనే ఉందమ్మా" అనేవాడు ఆయన, తన బల్ల మీద మరోసారి చూసుకుని.

"నా కళ్లతో చూశాను బాబాయ్. గీత ఎడమకి వాలింది."

ఆయన ఆ మాటే నమ్మేవాడు. స్కోపు విప్పి, ఆమె చెప్పినంత మేర బిళ్లను తిప్పి తెచ్చేవాడు. అప్పుడు ఆమె కంటికి గీత నిటారుగా కనిపించేది. సుద్దముక్కతో మొదటి రకం గుర్తు పెట్టేది. పాపం, పెద్దాయన, చూపు మందగించినట్టుంది అని జాలి కూడా పడింది.

జాలి పడింది! తర్వాత ఎన్నో విషయాలు మర్చిపోగలిగింది గానీ, ఆ జాలిని మాత్రం మర్చిపోలేకపోయింది.

ఒక ఉదయం గురి నేర్పే క్లబ్బు మేడం తాము కొన్న స్కోపుల పెట్టె తెచ్చి బల్లమీద దబ్బున పెట్టింది.

"మొదటి రకం అని అమ్మారు కదండీ. దూరం పెంచి మర తిప్పేకొద్దీ మా పిల్లల గుళ్లు పక్కకి పోతున్నాయి. పోటీలో ఏడుపొకటే తక్కువ. గీతలన్నీ ఒక్కవైపుకే వాలాయి, కూడబలుక్కున్నట్టు!"

ఓనరు మొహం జేవురించింది. మేడం వెళ్లేదాకా ఆగి, గీతల బాబాయి బల్ల దగ్గరికి వచ్చాడు. "ఈ అమ్మాయి ఎప్పట్నుంచో వంకర వంకర అని మొత్తుకుంటూనే ఉంది. సరిచెయ్యమంటే ఇదా సరిచెయ్యడం?"

బాబాయి లేచి నిలబడ్డాడు. "నా కళ్లే సార్. నాకు తెలుస్తూనే ఉంది."

"రేపట్నుంచి పెట్టెలు కట్టే బల్ల దగ్గరికి వెళ్లండి. ఈ కుర్చీకి వేరేవాళ్లను చూస్తాను."

ఆమె తలొంచుకుంది. తను పెట్టిన సుద్దగుర్తుల సంగతి ఎవరూ అడగలేదు. అడగనందుకు లోపల్లోపల ఊపిరి పీల్చుకుంది.

తిరిగొచ్చిన పెట్టెను ఆమె ముందే పెట్టారు, మళ్లీ చూడమని. పిల్ల అట్టపెట్టెలో పరిచిన చీర మీద నిద్రపోతోంది. చాలా రోజులకు రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. మొదటి స్కోపు ఊతంలో పెట్టి, మూత మట్టం చేసుకుని చూసింది. గీత కుడికి వాలి ఉంది. రెండోదీ అంతే. ఇంత వంకరకి తను మొదటి రకం గుర్తు ఎలా పెట్టింది?

ఇంతలో పిల్ల లేచి రాగం అందుకుంది. ఎత్తుకుని, అలవాటుగా చంకనేసుకుని, అదే స్కోపు మూతను కంటితోనే మళ్లీ మట్టంగా సరిచేసుకుని చూసింది.

గీత దారం మీద నిటారుగా నిలబడి ఉంది.

పిల్లను దింపింది. మళ్లీ మట్టం సరిచేసుకుంది. చూసింది. వంకర. ఎత్తుకుంది. తిన్నగా ఉంది. పిల్ల ఇదేదో ఆట అనుకుని కిలకిలా నవ్వుతోంది. ఆమెకు మాత్రం సంగతి అర్థమైంది. పిల్ల బరువుకి నడుము ఒక పక్కకి, మెడ ఒక పక్కకి ఒరిగేవి. ఒరిగిన తలతోనే మూత మట్టంగా ఉందనుకునేది. వాలింది తనైతే, వాలావని స్కోపును అంది, బాబాయిని అంది. ఆయన సరిగ్గా చేసినవన్నీ ఆయన చేతులతోనే చెడగొట్టించింది.

చెప్పాలి. కానీ ఎలా? చెబితే ఈ కుర్చీ ఊడుతుంది, పిల్లతో ఇంకెవరు రానిస్తారు? బాబాయి పెద్దాయన, పెట్టెలు కట్టే పనైతే కూర్చుని చేసుకోవచ్చు, కళ్లకి శ్రమ ఉండదు... అలా తనకి తనే నచ్చజెప్పుకుంటూ ఆ పూటంతా గడిపింది. సాయంత్రం బాబాయి సొరుగు ఖాళీ చేస్తున్నా తలెత్తి చూడలేదు.

పిల్ల మాత్రం దోగాడుకుంటూ ఆయన దగ్గరికే వెళ్లింది. బల్లమీంచి దొర్లిపడిన చిన్న సీసా పట్టుకుని నోటికి తీసుకెళ్లింది. ఆమె ఒక్క ఉరుకున వెళ్లి లాక్కుంది.

"ఏంటి బాబాయ్ ఇది?"

"కంటి చుక్కలమ్మా. నువ్వు వంకరన్నప్పటి నుంచీ రెండు పూటలా వేసుకుంటున్నా. మీ పిన్ని చేత వేయించుకుంటా, నా అంతట నేను వేసుకుంటే రెప్ప మూసుకుపోతుంది. గుణమేమీ కనపళ్లేదు." అని నవ్వాడు. "నువ్వేం మనసులో పెట్టుకోకు. ఉన్నమాటే అన్నావు."

సీసా ఆమె చేతిలో నిప్పులా కాలింది.

"నీ కళ్లు బానే ఉన్నాయి బాబాయ్" అంది. అందరికీ వినపడేలా గట్టిగానే అంది. ఓనరు తలెత్తాడు. లెన్సులక్క గుడ్డ ఆపింది. "వంకర నాది. రసమట్టం పెట్టలేదు నేను. పిల్ల మింగుతుందని దాచేశాను. పిల్లను ఎత్తుకుంటే నా తల ఒరుగుతోంది. ఒరిగిన తలతో చూసి ఈయన్ని అన్నాను."

సొరుగు తాళం తీసి రసమట్టం బల్లమీద పెట్టింది. ఓనరు స్వయంగా బుడగ మధ్యకు తెచ్చి చూశాడు. తర్వాత పిల్లను ఎత్తుకుని నిలబడమన్నాడు. ఆమె మెడ ఒరగడం అందరూ చూశారు.

"బాగుంది! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికామన్న మాట" అన్నాడు ఓనరు. లెన్సులక్క పక్కున నవ్వి, బాబాయి మొహం చూసి ఆపుకుంది.

బాబాయి నవ్వలేదు. కోప్పడనూ లేదు. కోప్పడితే ఆమెకు కాస్త తేలిగ్గా ఉండేదేమో. సొరుగులోంచి తీసినవన్నీ ఒక్కొక్కటే మళ్లీ లోపల సర్దుకున్నాడు.

"నువ్వా కుర్చీలోనే ఉండు. ఇంకోసారి అది లేకుండా చూశావంటే మాత్రం ఇంటికే" అన్నాడు ఓనరు, రసమట్టం చూపిస్తూ. ఆమె దానికి దారం కట్టి, పిల్లకి అందనంత ఎత్తులో మేకుకి తగిలించింది.

కుర్చీ అయితే బాబాయికి తిరిగొచ్చింది. తన చూపు మీద నమ్మకం మాత్రం రాలేదు. గబగబా బిళ్లలు కూర్చోబెట్టే మనిషి, ఇప్పుడు ఒక్కోదాన్నీ మళ్లీ మళ్లీ చూసుకుంటాడు. అప్పటికీ తృప్తి లేక, స్కోపు పట్టుకుని ఆమె బల్ల దగ్గరికి వస్తాడు.

"సరిగ్గానే ఉందంటావా తల్లీ?"

ఆమె చేతిలో పని పక్కన పెడుతుంది. పిల్లను కింద దింపుతుంది. మేకుకున్న రసమట్టం తీసి మూతమీద పెట్టి, తను పక్కకి తప్పుకుని, ఆయన్నే చూడమంటుంది. ఆయన వంగి చాలాసేపు చూస్తాడు. చూసి, తలెత్తి, మళ్లీ ఆమె మొహంలోకే చూస్తాడు.