రుక్మాబాయి చెంచా

ఇత్తడి చెంచా కొసన ఇంత కోవా తీసి, రుక్మాబాయి నాలుక మీద పెట్టుకుని కళ్లు మూసుకుంది. పొయ్యి దగ్గర గరిట తిప్పుతున్న కొండల్ చెయ్యి ఆగింది. కార్వాన్‌లోని ఆ కోవా దుకాణం పద్ధతే అది. ఆమె తల ఊపితే తప్ప కడాయి పొయ్యి దిగదు. మాడు రుచి తగిలిందని ఆమె అంటే యజమాని అన్వర్ కూడా ఎదురు చెప్పడు.

ఆమె తల ఊపింది. నిజానికి ఏ రుచీ తెలియలేదు. తడి దూది నమిలినట్టుంది.

రుక్మాబాయి పొట్టిగా, బొద్దుగా ఉంటుంది. ముంజేతుల నిండా మరిగే పాలు చిందిన మచ్చలు. పాల ఆవిరికి ముఖం ఎప్పుడూ చెమ్మగా మెరుస్తుంటుంది. మొగుడు చనిపోయిన ఏడాదే, రుచి చూసే ఈ పీట మీద కూర్చుంది. పిల్లల్ని ఈ నాలుకతోనే సాకింది. చుట్టుపక్కల పెళ్లిళ్ల మిఠాయిలోకి ఆమె తల ఊపిన కోవానే వెళుతుందని తినేవాళ్లెవరికీ తెలియదు.

ఎండాకాలంలో బుగ్గల లోపల పుండ్లు లేస్తే డాక్టరమ్మ పూసుకునే స్టెరాయిడ్ మందు రాసిచ్చింది. మంట తగ్గింది. ఆ సంతోషంలో మళ్లీ చూపించుకోవడానికి పోలేదు. కొన్నాళ్లకు నాలుక మీద పెరుగు తరకల్లాంటివి కనిపించాయి. రోజంతా కోవా రుచి చూసే మనిషి ఏమనుకుంటుంది? కోవా అంటిందనుకుంది. గీకితే ఎర్రబడి మండింది. అయితే పాత రోగమే తిరగబెట్టిందని ఇంకాస్త మందు పూసింది. పూసినకొద్దీ తెలుపు పెరిగింది. క్యాన్సరేమోనని భయం పట్టుకుంది. భయం పట్టుకున్న మనిషి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాలి కదా, ఈమె అటువైపే చూడలేదు. అదీ మన రుక్మాబాయి తెలివి!

మధ్యాహ్నం అన్వర్ ఒక డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టాడు.

"అక్కా, బేగంబజార్ మిఠాయి దుకాణపాయన వాపస్ పంపిండు. మాడు కొడుతుందంట. నువ్వు చూసిందే కదా?"

కొండల్ ముఖం వాడిపోయింది. అతను నోరు తెరిచేలోపే ఆమె అందుకుంది.

"వాన్నేమనకు భాయ్. నాకే తెల్వలే. మస్తు రోజులాయె, నా నోటికి ఏం తెలుస్తలేదు."

చెప్పాక ఏడుపు ఆగలేదు. ఇక పీట పోయినట్టేననుకుంది. అన్వర్ బండి తాళం అందుకున్నాడు.

"గిన్ని దినాలు దాస్తవా అక్కా? నడువ్."

పురానాపూల్ దగ్గరి దవాఖానలో, ఎండాకాలం మందు రాసిచ్చిన డాక్టర్ ఇంద్రజే మెత్తని గుడ్డతో నాలుకను తుడిచింది. తెలుపు ఊడి వచ్చింది.

"ఇది మీ పాత జబ్బు కాదమ్మా, ఫంగస్. ఆ మందు పుండ్లను మాన్పుతది, కానీ నోట్లో ఇది పెరగడానికి దారి కూడా ఇస్తది. మీరేమో దీనికే ఇంకా పూసిన్రు. చుక్కల మందు రాస్తున్న. పాత మందు నేను చెప్పినంతే వాడాలె."

"క్యాన్సర్ కాదా బిడ్డా?"

"కాదమ్మా."

"మరి రుచి?"

"ఇది తగ్గితే వస్తది. అప్పటిదాకా కోవా జోలికి పోకండి."

రుక్మాబాయి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది.

సంచి తెచ్చుకుందామని సాయంత్రం దుకాణానికి వచ్చేసరికి మరో కడాయి సిద్ధంగా ఉంది. కొండల్ అలవాటు కొద్దీ గరిట ఆపి ఆమె వైపు చూశాడు. ఆమె చెయ్యి చెంచా దాకా పోయి వెనక్కి వచ్చింది.

"తెల్వదు," అంది. ఆ పీట మీద కూర్చున్నాక ఆ మాట అనడం అదే మొదలు. అనేసరికి మనసు తేలికైంది. "నువ్వే చూడు కొండల్. మాడు ముందుగాల తెల్వదు. మింగినంక గొంతుల తెలుస్తది."

"పీట నీదే అక్కా, ఫికర్ చెయ్యకు," అన్నాడు అన్వర్.

చుక్కల మందు సీసాను కొంగున ముడేసుకుని ఆమె గల్లీ మలుపు తిరిగిపోయింది. కొండల్ లోపలి నుంచి తన కోసం వేరే చెంచా తెచ్చుకున్నాడు. రుక్మాబాయి ఇత్తడి చెంచాను వేడినీళ్లతో కడిగి ఖాళీ పీట మీద బోర్లించాడు. పొయ్యి వెలుగులో అది మెరుస్తూ ఉంది.