బిందెలో రాయి

చిన్నప్పుడు బడిలో పలక మీద రాసిందే తప్ప నేనెప్పుడూ ఏమీ రాయలేదు. తప్పులుంటే సర్దుకొని చదువుకోండి.

తర్లుపాడులో మణెమ్మకు ఇద్దరు కోడళ్లు. పెద్దకోడలు ఎలీషబా పొద్దున్నే వాకిలి ఊడ్చి, బోరింగు కాడ నీళ్లు కొట్టుకొచ్చి, పలకల ఫ్యాక్టరీకి పోతుంది. ఆ బోరింగు నీళ్లు ఉప్పు. చిన్నకోడలు రోజీకి ఏడాదికోసారి కిడ్నీలో రాయి పుడుతుంది. అది ఒంటికి పోయినప్పుడు పడుతుంది. కడిగి బిందెలో వేస్తే నీళ్లు తియ్యగవుతాయి. రాయి కరిగేదాకా వాడంతా తాగేది ఆ నీళ్లే.

రాయి పడిన రోజు మణెమ్మ ప్రార్థన పెట్టించి, రోజీకి గుడ్డు ఉడికించి దగ్గరుండి తినిపించేది. అన్నేళ్ల చాకిరీకి ఎలీషబాను "తిన్నావా" అన్న పాపాన పోలేదు. ఎలీషబాకు కడుపు మండిపోయేది. తనకూ రాయి పుట్టాలని ఎండాకాలమంతా రోజుకు సగం చెంబు నీళ్లతో సరిపెట్టుకుంది. ఒంటికి పోతే మంట తప్ప రాయి లేదు.

ఆ యేడు రోజీ నొప్పికి నేల మీద పొర్లింది. రాయి పడినాక మార్కాపురం డాక్టరు, "నీళ్లు బాగా తాగకుంటే మళ్లీ వస్తది. ఈసారి వస్తే ఆ కిడ్నీ దక్కదు" అన్నాడు.

ఇంటికొచ్చేసరికి పక్కింటి కృష్ణమ్మ బిందెతో కూర్చోనుంది. "మళ్లెప్పుడు పిల్లా నీ రాయి?" అని నవ్వింది. మళ్లీ రాయి రాకపోతే ఎట్లా అని మణెమ్మ కూడా రోజీ చెంబు నింపలేదు.

అప్పుడు తట్టింది ఎలీషబాకు. రాయి లేకపోతే రోజీ కూడా తన మాదిరి ఉత్త కోడలే.

"తాగు," అని చెంబు నింపి రోజీ ముందు పెట్టింది.

"చాలక్కా, కడుపు ఉబ్బింది."

"తాగు!"

"నేనంటే నీకెంత పాణమక్కా!"

"పాణమూ లేదు, పాడూ లేదు. మూతి తుడుచుకొని ఇంకోటి తాగు."

రోజూ ఇదే వరస. తను మాత్రం పాత అలవాటున సగం చెంబుతోనే పనికి పోయేది. ఏడాది తిరిగినా రోజీకి రాయి పుట్టలేదు. బిందెలోది కరిగిపోయి నీళ్లు మళ్లీ ఉప్పయినాయి. మణెమ్మ రోజీ తట్టు చూడ్డమే మానేసింది. ఎలీషబాకు లోపల్లోపల పండగ. కానీ రోజీ ఆ ఉప్పునీళ్లు మింగలేక ఉమ్మేస్తా ఉంది.

ఒక సాయంత్రం ఫ్యాక్టరీ నుంచి వస్తా ఎలీషబా నడుం పట్టుకొని దోవలోనే కూలబడింది. రోజీ ఎందుకట్ల పొర్లిందో అప్పుడు తెలిసింది. ఇల్లు చేరినాక రాయి పడింది, జొన్నగింజంత. అత్తకు చూపిస్తే చాలు. గుడ్డు, ప్రార్థన, వాడంతా ముద్దు. చెంగున ముడేసుకుంది.

మర్నాడు పొద్దున్నే వాకిలి ఊడ్చి, ఎవరూ లేకుండా చూసి, ఆ రాయి రోజీ తాగే కూజాలో వేసింది.

"అక్కా, తియ్యగున్నాయే!" అనింది రోజీ.

"అరవమాక." ఎలీషబా చెంబు లాక్కొని ముందు తాను గటగటా తాగింది. మళ్లీ నిండా వంచి రోజీ చేతికిచ్చింది.